తాడు దగ్గర ఎవరుంటారు

జనవరి 11

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా ఈత, రెండో పేజీ అంతా సైకిలు, మూడో పేజీ పరుగు. చివర్లో ఇరికించి "నువ్వెలా ఉన్నావు" అని ఒక్క ముక్క. బాగానే ఉన్నానమ్మా తల్లీ. ట్రయథ్లాన్ అంటే ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి చెయ్యడమని మూడేళ్ళుగా నేనూ చూస్తున్నాను. ఉత్తరం కూడా అదే వరసలో రాయాలని రూలేమీ లేదు.

ఇక్కడ బడి యూనిఫారాల సీజను. మా కుట్టు హాల్లో ముప్ఫై మిషన్లు ఒకేసారి మోగుతున్నాయి. నా కుడి చెవి పూర్తిగా సెలవు పెట్టేసింది. ఎడమది సగం పూటే పనిచేస్తోంది. అందుకే ఫోన్ చెయ్యకు. నువ్వు చెప్పిందాంట్లో సగం వినపడి, మిగతా సగం నేనే కల్పించుకుని నీతో పోట్లాటకు దిగుతాను. కాగితం మీదైతే ఏమన్నావో మళ్ళీ చదువుకోవచ్చు.

ఫిబ్రవరి నాలుగున మీ పందేనికి నేను రావడం లేదు.

కారణం నీకు తెలుసు. అయినా చెప్తాను, లేకపోతే తెలియనట్టు నటిస్తావు. మూడేళ్ళలో ఆరు పందేలకి వచ్చాను. మీరిద్దరూ నీళ్ళలో పడి, సైకిళ్ళెక్కి, పరిగెత్తుకుంటూ వచ్చేదాకా పందెం ముగిసే గీత దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాను. ఒక చేత్తో మీ కూతురు, ఇంకో చేత్తో మీ తువ్వాళ్ళు, బూట్లు, అరటిపళ్ళు. మీలో ఎవరొచ్చినా అది తాడు కింద నుంచి దూరిపోయి, గీత దాటేదాకా పక్కనే ఎగురుతూ పరిగెత్తేది. ఆ సంబరం చూడ్డానికే నేను వచ్చేదాన్ని. మీ ఆయన దానికి మిడత అని పేరు పెట్టాడంటే ఊరికే పెట్టలేదు.

పోయినసారి పిల్లల పందెంలో అది నీళ్ళలోంచి బయటికొచ్చి వణికిపోతుంటే నేను తువ్వాలు చుట్టి పక్కకి లాగాను. నువ్వొచ్చి, అంతమంది ముందు, "కన్నదాన్ని, నాకు తెలీదా? నీకేం తెలుసు?" అన్నావు. నాకు పిల్లలు లేరని నాకు తెలుసు చెల్లీ. ఇంకొకళ్ళు గుర్తు చెయ్యక్కర్లేదు.

కాబట్టి ఈసారి తాడు దగ్గర ఎవరుంటారో నువ్వే చూసుకో. మిడతకి కుట్టిన రెండు లాగూలు పార్సిల్ చేశాను. మోకాలు దగ్గర రెండు మడతలు వేశాను, పొడుగైతే విప్పు.

మీ అక్క

*

జనవరి 19

అక్కా,

లాగూలు సరిపోయాయి. థ్యాంక్స్.

ఆ రోజు నోరు జారాను. అది నిజమే. కానీ ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు సాగదియ్యడం కూడా నిజమే. రావాలని ఉంటే రా, లేకపోతే రానక్కర్లేదు. మిడతకి ఏడేళ్ళొచ్చాయి. తాడు దగ్గర ఒక్కతీ నిలబడగలదు. అడిగితే "నిలబడతా" అంది. పెద్దదాన్నైపోయానని గొప్పలు పోతోంది కూడా.

మా ఆయన నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఆయన లిఫ్టులు చూసుకునే భవనంలో పదిహేనో అంతస్తు లిఫ్టు ఆగిపోయి, లోపల ఇరుక్కున్న ముసలాయన బయటికి రాగానే ఈయన్నే తిట్టాడట. వారం రోజులుగా ఆ కథే చెప్పి నవ్విస్తున్నాడు. ఈతలో మాత్రం ఎప్పటిలాగే ఆపసోపాలు పడుతున్నాడు. ఈసారి ఆయన్ని దాటి తీరతాను. మగవాళ్ళని పది నిమిషాలు ముందు వదులుతారు. నేను నీళ్ళలోంచి వచ్చేసరికి ఆయన సైకిలు ఎప్పుడూ స్టాండులో ఉండదు. ఒక్కసారైనా అది అక్కడ ఉండగానే నేను వెళ్ళిపోవాలని నా కోరిక.

మా పళ్ళ ల్యాబులో పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

చెల్లి

*

మార్చి 2

అక్కా,

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది. క్షేమంగా చేరావని బావ పంపిన మెసేజ్ చూశాను.

నేను పనిలోకి వెళ్తున్నాను. ఇంట్లో ఉంటే అందరూ పలకరించడానికి వస్తున్నారు. ల్యాబులో ఎవరూ మాట్లాడరు. మాస్కులుంటాయి, గ్రైండరు మోత ఉంటుంది. ఈ వారం పై వరస కట్టుడు పళ్ళు రెండు సెట్లు చేశాను. మైనంలో ముందు పన్ను పెట్టేటప్పుడు కొంచెం వంకర పెట్టాలి. మరీ వరసగా పెడితే కట్టుడు పళ్ళని తెలిసిపోతుంది. ఇదివరకు ఆ వంకర ఎంతుండాలో ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఆలోచించకుండానే వచ్చేస్తోంది. బాగా వచ్చాయని మా ల్యాబు పెద్దాయన మెచ్చుకున్నాడు కూడా.

నాకు ఏడుపు రావడం లేదు. నువ్వున్న పన్నెండు రోజులూ నన్ను అదోలా చూశావు. ఎందుకు చూస్తున్నావో నాకు తెలుసు. ఏం చెయ్యను, రావడం లేదు. ఆకలేస్తోంది, తింటున్నాను. నిద్ర వస్తోంది, పడుకుంటున్నాను. ఆయన బట్టలు ఉతికి మడత పెట్టి బీరువాలో పెట్టాను. పెట్టిన తర్వాత ఎందుకు ఉతికానో అర్థం కాలేదు.

నిన్న ఒక కవరు వచ్చింది. జూన్ పందేనికి డిసెంబర్లోనే ముగ్గురి పేర్లూ ఇచ్చాం. ముగ్గురికీ నంబరు గుడ్డలు పంపారు. కుటుంబం కాబట్టి వరస నంబర్లు. కవరు మిడతే విప్పింది. మూడూ బల్ల మీద పరిచి, కాసేపు చూసి, మళ్ళీ అందులోనే పెట్టేసింది. నన్నేమీ అడగలేదు.

పేర్లు తీసెయ్యాలంటే ఫారం నింపాలి. అందులో కారణం రాయమని ఒక గడి ఉంది. ఫారం పక్కన పెట్టాను.

చెల్లి

*

మార్చి 12

చెల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ బావకి సగం చదివి వినిపించి, మిగతాది ఆయన చేతికే ఇచ్చేశాను.

నిన్ను అదోలా చూశానన్నావు. నేను చూసింది నువ్వు తింటున్నావా లేదా అనే. అంతకంటే ఏమీ లేదు. నీతో కూచుని మాట్లాడాలని రోజూ అనుకున్నాను. ఇంటినిండా జనం. జనం పల్చబడ్డాక నువ్వు తలుపేసుకునేదానివి. వెళ్ళే రోజు కూడా నా మొహం చూడకుండా "జాగ్రత్తగా వెళ్ళు" అన్నావు. దాని అర్థం నాకు తెలియకపోలేదు.

ఇక్కడ కత్తెర పట్టుకున్నా అదే ఆలోచన. ఆ రోజు తాడు దగ్గర మిడత ఒక్కతీ ఉండాల్సింది కాదు. దాని పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండి ఉంటే ఎంతో తేడాగా ఉండేది. ఇది నా మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను.

మిడతకి వేరే కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇందులోనే పెట్టాను. పెద్ద అక్షరాలతో రాశాను, అదే చదువుకుంటుంది. నాన్న లేరని భయపడకు, పెద్దమ్మ ఉంది అని రాశాను. దానికి ఇవ్వు.

బడి సెలవులకి నన్ను రమ్మంటే వస్తాను. దాన్ని ఇక్కడికి పంపినా సరే. నువ్వు చెప్పు.

మీ అక్క

*

మార్చి 20

అక్కా,

నువ్వు రాసింది అర్థమైంది. పిల్లని ఒక్కదాన్నీ వదిలేసి పందెంలోకి వెళ్ళిన తల్లిని నేను. పెద్దవాళ్ళెవరూ లేకుండా నిలబెట్టింది నేనే. నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. మా అత్తగారు కూడా ఇదే మాట వేరే రకంగా అన్నారు. ఇంకెవరైనా అనాల్సినవాళ్ళుంటే వాళ్ళూ అనెయ్యొచ్చు. నాకేమీ అనిపించడం లేదు.

మిడతని ఎక్కడికీ పంపను.

నువ్వు దానికి రాసిన కాగితం ఇవ్వలేదు. ఇవ్వలేను. వాళ్ళ నాన్న లేడన్న సంగతి దానికి ఇంకా చెప్పలేదు.

ఆ రోజు గీత దగ్గర "నాన్న ఇంకా రాలేదు, నువ్విక్కడే ఉండు" అని చెప్పి డాక్టర్లున్న గుడారం వైపు వెళ్ళాను. తర్వాత మా ల్యాబు స్నేహితురాలు దాన్ని తన ఇంటికి తీసుకెళ్ళి తొమ్మిది రోజులు ఉంచుకుంది. నేను చెప్పి ఉంటానని ఆవిడ అనుకుంది. ఆవిడ చెప్పి ఉంటుందని నేను అనుకున్నాను. ఇంటికొచ్చాక అది అడిగితే చెబుదామనుకున్నాను. అది అడగలేదు. ఒక రోజు గడిచింది, ఇంకో రోజు గడిచింది. ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది.

అది ఎదురుచూస్తోంది అక్కా. ఎలా తెలుసంటావా? ఎక్కడ ఎవరు ఎవర్ని పిలిచినా లేచి పరిగెడుతోంది. పక్కింటావిడ వాళ్ళ పిల్లని పిలిస్తే ఇది వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడుతోంది. బడిలో టీచరు ఎవరి పేరు చదివినా "వచ్చాను మేడం" అంటోందట. టీచరు నన్ను పిలిపించి, చెవులు చూపించమంది. చూపించాను. నీలా కాదు, చెవులు బాగానే ఉన్నాయి. వాళ్ళ నాన్న పిలుస్తాడని చెవులు అటే పెట్టుకుని ఉంటోంది, అంతే.

మిగతా అంతా మామూలే. ఆదివారం ఈతకి వెళ్తాం. అది గట్టు పక్క వరసలో ఈదుతుంది. నేను గట్టున కూచుని లెక్కపెడతాను.

చెల్లి

*

మార్చి 28

చెల్లీ,

నీకు దండం పెడతాను, ముందు ఆ పిల్లకి చెప్పు.

తర్వాత నన్నెంత తిట్టుకున్నా సరే. నేను రాసింది నీమీద నింద కాదు. నువ్వు ఏది చదివినా నింద లాగే చదువుతున్నావు. దాని గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు అది ముఖ్యం కాదు.

రెండు నెలలు కావస్తోంది. ఏడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న వస్తాడని పక్కింటి గుమ్మంలో నిలబడుతోందని నువ్వే రాశావు. అది రాసేటప్పుడు నీ చెయ్యి ఎలా ఆడింది? నీ ఉత్తరం చదివిన రోజు మిషను దగ్గర కూచుని ఏడో నంబరు చొక్కాకి ఎనిమిదో నంబరు చెయ్యి కుట్టాను.

ఇంకెవరో చెప్పేస్తారు. బడిలో పిల్లలు చెప్తారు. మీ అత్తగారు చెప్తారు. అలా తెలియడం కంటే నీ నోటితో తెలియడం మంచిది. మాటలు కూడబలుక్కోవాల్సిన పని లేదు. రెండే రెండు మాటలు.

నీకు చెప్పడం కష్టమైతే నేను వచ్చి చెప్తాను. కానీ రమ్మని నువ్వు అనాలి. పిలవకుండా వస్తే మళ్ళీ ఏమంటావోనని భయంగా ఉంది. నిజమే, నీకు భయపడుతున్నాను. ఎనిమిదేళ్ళ చిన్నదానివి నువ్వు, నీకు జడలు వేసిన చేతులివి.

జూన్ పందేనికి వెళ్ళే ఉద్దేశం ఉందా? లేదని రాయి.

మీ అక్క

*

ఏప్రిల్ 9

అక్కా,

చెప్పమంటున్నావు. ఎందుకు చెప్పలేకపోతున్నానో నీకు రాస్తాను. ఒక్కసారే రాస్తాను. దీనికి జవాబుగా ఓదార్పు మాటలు రాయకు.

నేను రిజర్వాయర్లోంచి బయటికొచ్చి సైకిళ్ళ దగ్గరికి పరిగెత్తాను. ఆయన సైకిలు స్టాండులోనే ఉంది. హెల్మెట్ దాని మీదే బోర్లించి ఉంది. బూట్లు విప్పిపెట్టినట్టే ఉన్నాయి. చూసి నవ్వాను. పైకే నవ్వాను. పక్కనున్న అమ్మాయితో "మా ఆయన్ని దాటేశాను" అని చెప్పాను. ఆయన హెల్మెట్ మీద తట్టి, నా సైకిలు తీసుకుని వెళ్ళిపోయాను.

ఆయన పది నిమిషాలు ముందు దిగాడు. ఆ సైకిలు అక్కడ ఉండకూడదు. అంత తేడా ఎలా వచ్చిందని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే తెలిసేది. నేను ఆలోచించలేదు. ఇరవై కిలోమీటర్లు తొక్కాను. దారిపొడుగునా ఆయన్ని ఎలా ఏడిపించాలో అనుకుంటూ తొక్కాను. ఐదు కిలోమీటర్లు పరిగెత్తాను. అంత బాగా నేనెప్పుడూ పరిగెత్తలేదు.

నేను తొక్కుతున్నప్పుడే ఆయన తెల్ల గుడారంలో ఉన్నాడు. పడవలో తీసుకొచ్చారు. నాకోసం వెతికారట. హెల్మెట్ పెట్టుకున్న రెండు వందల మందిలో ఎవర్నని వెతుకుతారు.

గీత దగ్గరికి వచ్చేసరికి మిడత తాడు పట్టుకుని ఉంది. ఎప్పుడూ నన్ను చూడగానే కిందనుంచి దూరి వచ్చేది కదా, రాలేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న రాలేదని అలిగిందనుకున్నాను. చెయ్యి పట్టి లాక్కుని పరిగెత్తాను. ఫోటో తీశారు. పందెంవాళ్ళు పోస్టులో పంపారు. అందులో నేను నోరంతా తెరిచి నవ్వుతున్నాను. అది కెమెరా వైపు చూడలేదు, వెనక్కి చూస్తోంది.

మిడతకి చెప్తే మొదట ఏమడుగుతుందో నాకు తెలుసు. "మరి నువ్వెందుకు పరిగెత్తావు?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే చెప్పలేదు.

జూన్ పందేనికి వెళ్ళాలనీ లేదు, మానాలనీ లేదు. మిడత అప్పుడే సంచి సర్దుకుంటోంది. వద్దనలేదు.

చెల్లి

*

ఏప్రిల్ 18

చెల్లీ,

ఓదార్పు వద్దన్నావు. రాయను. నా సంగతి రాస్తాను.

ఫిబ్రవరి రెండో తేదీన నేను సంచి సర్దుకున్నాను. మీ బావ బస్టాండు దాకా వచ్చి దింపాడు. టికెట్టు కూడా తీసుకున్నాను. బస్సు బయల్దేరడానికి ఇంకా అరగంట ఉంది. బెంచీ మీద కూచుని నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "రానక్కర్లేదు" అన్న చోట ఆగిపోయాను. సంచి భుజానికేసుకుని ఇంటికి వచ్చేశాను.

నాలుగో తేదీ పొద్దున, మీరు నీళ్ళలో దిగే వేళకి, నేను బొత్తాలు కుడుతున్నాను. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? గీత దగ్గరికి రాగానే వీళ్ళు నాకోసం వెతకాలి, తువ్వాలు ఇచ్చేవాళ్ళు లేక ఇబ్బంది పడాలి, అక్క లేని లోటేమిటో చెల్లికి తెలిసిరావాలి అనుకున్నాను. ఆ మాట అనుకుంటూ ఒక్కో బొత్తామూ కుట్టాను. మధ్యాహ్నానికి కబురొచ్చింది.

తాడు దగ్గర పెద్దవాళ్ళు ఒకరు ఉండాల్సింది అని నేను రాసింది నా గురించి. ఆ పెద్దదాన్ని నేనే. నువ్వు నీ గురించి అనుకున్నావు. ఇంట్లో ఉన్న పన్నెండు రోజులూ నువ్వు నా మొహం చూడకపోతే, రాలేదన్న కోపంతో చూడడం లేదని నేను అనుకున్నాను. అందుకే సెలవులకి కూడా పిలిస్తేనే వస్తానన్నాను.

మిడత అడిగేది అడగనీ. జవాబు లేకపోతే లేదని చెప్పు. అంతకుమించి నాకు ఇంకేమీ తోచడం లేదు.

మీ అక్క

*

మే 3

అక్కా,

నిన్న చెప్పేశాను.

ఈత అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో చెప్పాను. ఇంకెవరూ లేరు. నేను బల్ల మీద కూచుని దాని జుట్టు తుడుస్తున్నాను. దాని మొహం నాకు కనపడడం లేదు, అందుకే నోరు వచ్చిందేమో. "మిడతా, నాన్న ఇంక రాడు. నాన్న చచ్చిపోయాడు. ఆ రోజే, నీళ్ళలో" అన్నాను. మూడు నెలల్లో ఆ మాట నా నోట్లోంచి రావడం ఇదే మొదటిసారి. అన్నాక ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. తువ్వాలు అలాగే తిప్పుతున్నాను.

"తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"అప్పట్నించే."

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట. మైకులో పిలిచారట. "రెండు వందల పధ్నాలుగో నంబరు తాలూకు వాళ్ళెవరైనా ఉంటే తెల్ల గుడారం దగ్గరికి రండి" అని. మూడుసార్లు పిలిచారంది. అది నాన్న నంబరని దానికి తెలుసు. నంబరు పిలిచారు, నాన్న మాత్రం రాలేదు, దాంతో అర్థమైపోయిందట. పొద్దున ఆయన చేతి మీద స్కెచ్ పెన్నుతో రాసింది అదే.

"నువ్వు చెప్పావు కదమ్మా, మేమిద్దరం వచ్చేదాకా తాడు వదలొద్దు, ఎవరు పిలిచినా వెళ్ళొద్దు అని. అందుకని నేను వెళ్ళలేదు. గట్టిగా పట్టుకున్నా. మూడోసారి పిలిచినప్పుడు వెళ్దామనుకున్నా. కానీ వెళ్ళలేదు."

నేను తుడవడం ఆపేశాను. అది ఇంకా అటే తిరిగి ఉంది.

"నేను వెళ్ళుంటే నాన్న బతికేవాడా?"

అక్కా, అది ఎదురుచూడడం లేదు. మనిద్దరం పొరబడ్డాం. ఎవరు ఎవర్ని పిలిచినా లేచి పరిగెత్తింది ఇంకోసారి పిలుపు తప్పిపోకూడదని. నేను నవ్వుకుంటూ సైకిలు తొక్కుతున్నంతసేపూ అది ఆ తాడు పట్టుకుని, వెళ్ళాలా వద్దా అని నిలబడి ఉంది. మూడు నెలలుగా నా పక్కనే పడుకుంటూ నాకు చెప్పలేదు. నన్ను అడగకపోవడానికి కారణం కూడా అదే. అడిగితే నేను "నువ్వెందుకు వెళ్ళలేదు" అంటానని.

"లేదు" అన్నాను. "బతికేవాడు కాదు. నీళ్ళు మింగి కాదు, గుండె ఆగిపోయింది. దిగిన కాసేపటికే ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. పిలిచేటప్పటికే అయిపోయింది. నువ్వు వెళ్ళినా అంతే."

"నిజంగా?"

"నిజంగా."

ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెప్పాను. డాక్టరు నాకీ మాట ఫిబ్రవరిలోనే చెప్పాడు. అప్పుడు తల ఊపి వచ్చేశాను, వినలేదు. దానికి చెప్తున్నప్పుడు నాకు వినపడింది. సైకిలు దగ్గర నేను ఆగి ఉన్నా అంతే.

అప్పుడు అది ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఈత మాస్టారు తలుపు కొట్టి ఏమైందని అడిగాడు. ఏమీ లేదని చెప్పాను. నాకు ఇప్పటికీ ఏడుపు రాలేదు. దాని తడి జుట్టు నా మెడకి ఆనుకుని చల్లగా ఉంది, ఆ చలి మాత్రం తెలిసింది. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి తెలిసింది.

ఇవాళ పొద్దున ఆ ఫారం నింపి పంపించాను. కారణం గడిలో కారణం రాశాను.

ఇంక నీ సంగతి. తాడు దగ్గర నువ్వు ఉన్నా ఆయన బతికేవాడు కాదు. నీకూ ఆ మాటే చెప్తున్నాను, మిడతకి చెప్పినట్టే, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను. కానీ నువ్వు ఉండి ఉంటే, ఆ నంబరు పిలిచినప్పుడు అది నీ కొంగు పట్టుకునేది. నీకు మైకు వినపడకపోయినా అది నీ ఎడమ చెవిలో అరిచి చెప్పేది. దానికి ఒక మనిషి ఉండేది. నువ్వు బస్టాండు దాకా వచ్చావు. అక్కడి నుంచి నిన్ను వెనక్కి పంపింది నేను రాసిన మాట.

రా అక్కా. సెలవులకి కాదు, వీలు చూసుకునీ కాదు. ఈ వారమే రా.

చెల్లి